చూపు బాగానే ఉందని అంతటితో వదిలేయని కంటి డాక్టరు

మాది మదనపల్లె, ఉండేది బెంగళూరు బీటీఎం లేఅవుట్‌లో. జయనగర్‌లోని ఈ కంటి క్లినిక్‌కి కిందటేడు జూన్‌లో మా బాబుకు అద్దాల కోసం వెళ్ళాం.

అప్పుడు తొమ్మిదో తరగతి. ఏడో తరగతి దాకా వాడిది ముత్యాల్లాంటి రాత. మెల్లమెల్లగా అక్షరాలు చిన్నవైపోయి, వంకర తిరిగి, గీత మీద నిలవడం మానేశాయి. బోర్డు కనబడట్లేదేమో చూపించమని టీచర్ అన్నారు. ముందు ఒక కళ్ళజోళ్ళ షాపుకు వెళితే కంప్యూటర్ టెస్ట్ చేసి 2,200 రూపాయల అద్దాలు ఇచ్చారు. ఇంకో చోట డాక్టరు "ఫోన్ తగ్గించండి, ఆ వయసు అలాంటిది" అని పంపేశారు. రాత మాత్రం మారలేదు.

ఇక్కడ మేడమ్ వాడి గడ్డం స్టాండు మీద ఆనించి స్లిట్ ల్యాంప్‌లో (సన్నటి లైటు వేసి కన్నును పెద్దదిగా చూపించే మిషను) చూశారు. చూపు బాగుంది, అద్దాలే అక్కర్లేదన్నారు. అయినా అక్కడితో వదల్లేదు. "కిందికి చూడు నాన్నా" అంటూ పై రెప్పను వేలితో ఎత్తి, సన్నటి లైటును నల్లగుడ్డు అంచు వెంబడి మెల్లగా తిప్పారు. రెండో కన్ను కూడా అలాగే చూశారు. తర్వాత లేచి నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టి లెన్సులోంచి చూడమన్నారు. నల్లగుడ్డు అంచున, తోమని ఇత్తడి చెంబు మూతి రంగులో సన్నటి వలయం. మనవి ముదురు రంగు కళ్ళు కదా, ఉత్తినే చూస్తే అస్సలు తెలియదు.

ఆ తర్వాత వరసగా ప్రశ్నలు. మాట ముద్దగా వస్తోందా? నిద్రలో దిండు తడుస్తోందా? గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణుకుతోందా? ఊరికే కోపం, ఏడుపు వస్తున్నాయా? ఎప్పుడైనా పచ్చకామెర్లు అయ్యాయా? ఒక్కోదానికి అవును, అవును అంటుంటే నాకు కాళ్ళలో సత్తువ పోయింది. దిండు తడవడం రోజూ చూస్తూనే ఉన్నాను, పళ్ళ క్లిప్పు వల్ల అనుకున్నాను. పదకొండో ఏట కామెర్లు వస్తే ఊళ్ళో పసరు పోయించాం. తగ్గింది కదా అని మరిచిపోయాం.

ఆ వలయాన్ని కైజర్-ఫ్లైషర్ వలయం అంటారట. జబ్బు పేరు విల్సన్ డిసీజ్, సుమారు 30 వేల మందిలో ఒకరికి వస్తుందట. తిండిలో ఎక్కువైన రాగి లోహాన్ని (కాపర్) కాలేయం పైత్యరసంతో బయటికి పంపేస్తుంది. ఏటీపీ7బీ అనే జన్యువు చెడితే ఆ పని జరగక రాగి ముందు కాలేయంలో, తర్వాత మెదడులో, కంట్లో పేరుకుంటుంది. ఇదంతా ప్రిస్క్రిప్షన్ వెనక బొమ్మ గీసి చెప్పారు. వలయం చూసి తేల్చేయలేదు. రక్తంలో సెరులోప్లాస్మిన్ (రాగిని మోసే ప్రోటీన్), 24 గంటల మూత్రంలో రాగి పరీక్షలు రాసి, బెంగళూరులోనే ఉన్న నిమ్హాన్స్ ఆసుపత్రి న్యూరాలజీ (నరాల) విభాగానికి లెటర్ ఇచ్చారు. పరీక్షల్లో అదేనని తేలింది.

లెటర్ ఇస్తూ "ఇంట్లో ఇంకా పిల్లలున్నారా?" అని అడిగారు. పాప ఉంది, పదేళ్ళది, దానికేం లేదు, గెంతుతూ ఉంటుంది అన్నాను. "దానికీ చేయించాల్సిందే" అన్నారు. మాది మేనరికం. మేనరికం కాకపోయినా ఇది రావచ్చట. తల్లిదండ్రులిద్దరూ చెడిన జన్యువును చెరొకటి మోస్తుంటే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు అవకాశం, వాళ్ళిద్దరికీ మాత్రం ఏ జబ్బూ ఉండదు. పాప కంట్లో వలయం లేదు. కాలేయం దశలో ఉన్నవాళ్ళలో దాదాపు సగం మందికి అది కనబడదని, కన్ను బాగుందని ఊరుకోవద్దని మేడమ్ ముందే చెప్పారు. రక్తం, మూత్రం పరీక్షల్లో దానికీ ఉన్నట్టు తేలింది. ఒక్క లక్షణం కూడా బయటపడకముందే ఒంటికి రాగి పట్టకుండా చేసే జింక్ మందు మొదలైంది. ఆ ఒక్క ప్రశ్నకు ఆవిడకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

బాబుకు ఒంట్లోని రాగిని బయటికి పంపే పెనిసిల్లమిన్ మందు, ఖాళీ కడుపున, దాంతోపాటు బి6 విటమిన్. జీవితాంతం ఆపకూడదు. చాక్లెట్, జీడిపప్పు, పుట్టగొడుగులు, కార్జం, రొయ్యలు మానిపించాం. మా అత్త రోజూ రాత్రి రాగి చెంబులో నీళ్ళు పోసి పొద్దున్నే పిల్లలిద్దరికీ తాగించేది. మేడమ్ అదీ అడిగారు. చెంబు వల్ల జబ్బు రాలేదని, కానీ ఇకమీదట వద్దని చెప్పారు. అత్త ఆ పూట అన్నం తినలేదు. చెంబు ఇప్పుడు దేవుడి గూట్లో ఉంది.

ఫీజు 400. క్లినిక్ మొదటి అంతస్తులో, లిఫ్ట్ లేదు, మెట్లు నిటారుగా ఉంటాయి. సాయంత్రం టోకెన్లు ఐదుకల్లా అయిపోతాయి, ఫోన్ తొందరగా ఎత్తరు. మేడమ్‌ది కన్నడం, తెలుగు బాగానే అర్థమవుతుంది, కాంపౌండర్ కుప్పం అబ్బాయి.

బాబు మాట ఇంకా కొంచెం ముద్దగానే ఉంది. రాత గీత మీదికి వచ్చింది. పోయిన నెల చూపిస్తే, వలయం పక్కల్లో పలచబడుతోందని చెప్పి, మళ్ళీ నన్నే ఆ కుర్చీలో కూర్చోబెట్టి చూడమన్నారు.