బెంగళూరు సీనియరా, అనంతపురం కుర్రాడా?

అనంతపురంలో కార్ల వర్క్‌షాప్ నడిపే ప్రతివాళ్లకూ ఎప్పుడో ఒకప్పుడు వచ్చే టెన్షనే ఇది: పని తెలిసిన మెకానిక్‌ని బెంగళూరు నుంచి పిలిపించాలా, ఐటీఐ పాసైన మన ఊరి కుర్రాడికి నేర్పుకోవాలా?

ఖర్చు: సీనియర్‌కి పెద్ద జీతం, పైగా రూము అద్దె. కుర్రాడికి జీతం తక్కువే, కానీ అతను విరగ్గొట్టే క్లిప్పులు, రిపేరు సరిగ్గా కాక తిరిగొచ్చే బండ్లు మీ ఖాతాలోనే.

శ్రమ: బండికి తగిలించే స్కానర్‌లో ఫలానా సెన్సార్ పాడైందని కోడ్ కనబడగానే సీనియర్ పార్టు మార్చేయడు, ముందు కనెక్టర్ ఊడదీసి తుప్పు పట్టిందేమో చూస్తాడు. ఆ ఓపిక కుర్రాడికి రావాలంటే మీరు పక్కన నిలబడాల్సిందే.

రిస్క్: సీనియర్ పండక్కి ఊరెళితే తిరిగొచ్చేదాకా నమ్మకం లేదు. కుర్రాడు పని పట్టుబడగానే బెంగళూరు బస్సెక్కుతాడు. అందుకని కుర్రాళ్ల సర్టిఫికెట్లు తమ దగ్గర దాచిపెట్టుకునే యజమానులున్నారు, అది శుద్ధ దండగ, వెళ్లేవాడు వెళ్తాడు. మనిషి నిలబడాలంటే ఒకటో తారీఖున జీతం పడాలి. షాపులో పది మంది ఉంటే ఈఎస్ఐ అనే ఉద్యోగుల బీమా ఎలాగూ తప్పదు (నెలకు 21,000 లోపు జీతాలకు యజమాని వాటా 3.25 శాతం), తన మీద ఆధారపడిన అమ్మానాన్నలకూ అందులో వైద్యం ఉందని కుర్రాడికి విడమరిచి చెప్పండి.

షాపు కొత్తదై, మీకు మెకానిక్ పని తెలియకపోతే సీనియరే. మీరే మెకానిక్ అయితే కుర్రాళ్లే మేలు. సీనియర్‌ని తెచ్చి కింద ఇద్దరు కుర్రాళ్లను పెడితే మాత్రం, నేర్పినందుకు ఆయనకు విడిగా డబ్బులివ్వండి, లేకపోతే కిటుకులు చెప్పడు.