అంచనా ఒకటి, నిజం ఒకటి: ఒక మద్యపాన స్వీయ పరిశీలన సేవపై సమీక్ష

కళాశాల విద్యార్థుల కోసం రూపొందించిన ఒక ఆన్‌లైన్ మద్యపాన స్వీయ పరిశీలన సేవను ఏడాది పాటు మా విద్యార్థుల చేత వాడించి చూశాను. తోటివారు వారానికి ఎంత తాగుతారని అనుకుంటున్నారో అది ముందుగా అడుగుతుంది, ఆ తరువాత సొంత అలవాటు అడుగుతుంది. చివరికి ఆ అంచనాను, అదే కళాశాల విద్యార్థులు పేరు చెప్పకుండా ఇచ్చిన సమాధానాల సగటును, మన తాగుడును మూడు గీతలుగా పక్కపక్కన చూపిస్తుంది.

ఆ మూడు గీతలే ఈ సేవకు ప్రాణం. అంచనా గీత దాదాపు ప్రతిసారీ సగటు గీతను మించిపోతుంది. పెర్కిన్స్, బెర్కోవిట్జ్ అనే అమెరికా పరిశోధకులు 1986లో ఇలాంటి పొరపాటును ఎత్తిచూపిన తరువాత అనేక కళాశాలల్లో ఇదే తేలింది. విందులో తూలిపడినవాడి ముచ్చట వారం రోజులు నడుస్తుంది. ఆ రాత్రి చదువుకొని పడుకున్నవారి ఊసు ఎవరూ ఎత్తరు. అందువల్ల తాగనివాడు తానొక్కడే వేరనుకుంటాడు, అతిగా తాగేవాడు తాను అందరిలాంటివాడినే అనుకుంటాడు. ఆ గీతలను చాలాసేపు చూసిన ఒక విద్యార్థి, "మరి వీళ్లెవరూ ఎప్పుడూ చెప్పలేదేం సార్?" అని నన్ను అడిగాడు.

ఆ ప్రశ్నకు ఈ సేవ దగ్గర జవాబు లేదు. నా అసంతృప్తి అంతా అక్కడే. ఎంత తాగుతారో లెక్కిస్తుంది గానీ, తాగుడు గురించి ఏమనుకుంటారో అడగదు. ప్రెంటిస్, మిల్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1993లో ప్రచురించిన అధ్యయనంలో అమెరికాలోని ప్రిన్స్‌టన్ విద్యార్థులు, క్యాంపస్‌లోని తాగుడు పట్ల తమకున్నంత ఇబ్బంది సగటు విద్యార్థికి లేదని భావించారు. అందరూ అలాగే భావించినప్పుడు నోరు విప్పేవారు ఉండరు. ఆ మౌనాన్ని చూపించే నాలుగో గీత ఇందులో తప్పక ఉండవలసింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి 10 ప్రశ్నల ఆడిట్ పరీక్ష, అంటే తాగుడు ప్రమాదకరంగా మారిందేమో తేల్చే పరీక్ష కూడా ఇందులో ఉంది. 40కి 8 లేదా అంతకు మించి వస్తే సలహాదారును కలవమంటుంది, అది సబబే. అయితే సగటు కంటే తక్కువ తాగేవారికి సగటును ఊరికే చూపి వదిలేయడం నాకు నచ్చలేదు, ఎందుకంటే ఇంకొంత తాగినా ఫరవాలేదని వారు అర్థం చేసుకునే ప్రమాదం ఉంది.

అయినా కళాశాలలో చేరిన తొలి నెలలోనే దీన్ని విద్యార్థులకు ఇవ్వమని చెబుతాను. ఇచ్చిన వారంలోపే వారిని చిన్న బృందాలుగా కూర్చోబెట్టి, తాగుడు గురించి ఏమనుకుంటారని ఇది అడగని ప్రశ్నకు జవాబులను పేరు లేని చీటీలపై రాయించి, అక్కడే అందరికీ చదివి వినిపించండి.