షాడోరన్ ఐదో ఎడిషన్: నాలుగేళ్లు ఆడాక కామ్‌లింక్ గురించి నా మాట

షాడోరన్ అంటే బల్ల చుట్టూ కూర్చుని, పాచికలు (డైస్) వేస్తూ, ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా ఆడే కథల ఆట; మంత్రాలూ హ్యాకింగూ కలిసిన భవిష్యత్ లోకం అందులోది. దాని రూల్ పుస్తకం ఐదో ఎడిషన్ 2013లో వచ్చింది. మాకు చాలా ఆలస్యంగా అందింది. ఎంవీపీ కాలనీలో మా బావ వాళ్ల మేడ మీద నలుగురం నాలుగేళ్లుగా శనివారం రాత్రిళ్లు ఆడుతున్నాం, ఆట నడిపించేది బావే. పుస్తకంలో కథ సియాటెల్‌లో సాగుతుంది. మేం విశాఖకి తెచ్చుకున్నాం: డాల్ఫిన్ నోస్ కొండ ఒక బడా కార్పొరేట్ కంపెనీది, ఫిషింగ్ హార్బర్ మాది. మంత్రాలు, తుపాకుల జోలికి పోను. నేను చెప్పాలనుకున్నది ఆ లోకపు ఫోన్, అంటే కామ్‌లింక్ గురించి.

నాకు బాగా నచ్చిందేంటంటే, దాక్కోవడం ఇందులో ఊరికే రాదు. ఫోన్‌ని సైలెంట్‌లో, అంటే ఎవరికీ కనపడకుండా నడిపితే, మేట్రిక్స్‌లో (ఆ లోకపు ఇంటర్నెట్‌లో) చేసే ప్రతి పనికీ మనం వేసే డైస్‌లో 2 తగ్గుతాయి. మనల్ని ట్రేస్ చేయాలంటే అవతలివాడు మన ఫోన్ మీద ముందు 2 మార్కులు (హ్యాక్ చేసి తెచ్చుకునే దొంగ అనుమతులు) సంపాదించాలి, ఆపైన డైస్‌లో గెలవాలి. గెలిచాక ఒక్క మార్కు మిగిలినా చాలు, ఎక్కడికెళ్లినా వాడికి కనిపిస్తూనే ఉంటాం. చెమటలు పడతాయి, నిజంగా.

లోటు కూడా అక్కడే ఉంది. రీబూట్ కొడితే మార్కులన్నీ పోతాయి. ఈ రూలు అడిగేది "ఇప్పుడెక్కడున్నావ్" అనే. "మొన్నెక్కడున్నావ్" అని అడగదు.

మన ఫోన్ల సంగతి అలా కాదు కదా. మనకొచ్చే కాల్ మన దాకా చేరాలంటే, జేబులో ఉన్నా సరే మన ఫోన్ ఏ ప్రాంతంలో ఉందో నెట్‌వర్క్‌కి తెలియాలి. సిమ్ మార్చినా 15 అంకెల ఐఎంఈఐ మారదు. కాల్ వివరాలు కనీసం 2 ఏళ్లు దాచాలని 2021 డిసెంబరులో కేంద్రం టెలికాం కంపెనీలకు నిబంధన పెట్టింది. ఎవరూ డైస్ వేయకుండానే ఆ చిట్టా పేరుకుపోతుంది.

అందుకే బావ ఒక లాంగ్ నోట్‌బుక్ మొదలుపెట్టాడు. ఫోన్ ఆన్‌లో ఉన్న ప్రతి సీన్‌కీ టైము, ఏరియా రాస్తాడు. హార్బర్ గోడౌన్ దోపిడీ రోజు నేను నా కామ్‌లింక్‌ని గాజువాక ఆటో సీటు కిందకి తోసేశాను. మిగతా ఇద్దరూ జగదాంబ దగ్గర ఫోన్లు ఆపేశారు. మూడు వారాల తర్వాత బావ పాత పేజీ తిప్పి మా ముందు పెట్టాడు.

"ఒరేయ్, రెండు ఫోన్లు ఒకే చోట, ఒకే నిమిషంలో ఆగాయి. పనయ్యాక ఒకేసారి లేచాయి. నీ ఫోన్‌కి ఆరు కాల్స్ వచ్చాయి, ఒక్కటీ ఎత్తలేదు. ఇంక పోలీసులకి డైస్ ఎందుకురా?"

ఆ లైన్ల కింద ఎర్ర పెన్నుతో గీత గీశాడు. కాసేపు ఎవరం మాట్లాడలేదు. నాలుగేళ్లలో నాకు బాగా గుర్తుండిపోయిన ఆట అదే.

మేట్రిక్స్ చాప్టర్ ఒక పట్టాన అర్థం కాదు, రెండు మూడుసార్లు చదవాల్సిందే. అయినా కొనమనే చెబుతాను. నోట్‌బుక్ మాత్రం మొదటి రోజు నుంచే పెట్టండి, రీబూట్ చేసినా అందులోది చెరగదని అందరికీ ముందే చెప్పండి. మేం ఆట మధ్యలో మార్చాం, నెల రోజులు ఒకటే గొడవ.