వెనక నోరు తెరుచుకున్న ప్రింటర్: మా ఇంటి బడిలో మూడేళ్ల వాడకం

ముందుగా ఒక మాట ఒప్పుకోవాలి. ఈ ఇంక్ ట్యాంక్ ప్రింటర్ కొన్న కొత్తలో, నిండా మూడు నెలలు కాకముందే, మా చర్చి సంఘంలో ఆడవాళ్లందరికీ "కళ్లు మూసుకుని కొనుక్కోండి" అని చెప్పింది నేనే. నా మాట విని ఇద్దరు కొన్నారు కూడా. మూడేళ్లు దాటాక ఇప్పుడు ఆ మాటను కొంచెం సవరించుకోవాల్సి వస్తోంది. కొనొచ్చు. కళ్లు మాత్రం తెరుచుకునే కొనండి, అదీ దాని వీపు వైపు ఒకసారి చూసి.

ధర, వేగం, సీసాకు ఎన్ని పేజీలు, వైఫై ఉందా లేదా, ఇవన్నీ పెట్టె మీదే రాసుంటాయి కాబట్టి వాటి జోలికి పోను. కంపెనీ పేరు కూడా చెప్పను. జరిగినదాంట్లో సగం తప్పు మా ఇంటిదే.

మేముండేది తిరుపతిలో, కరకంబాడి రోడ్డు వైపు. పిల్లలిద్దరినీ బడికి పంపకుండా ఇంట్లోనే చదివించుకుంటున్నా. పెద్దోడికి పదకొండు, చిన్నదానికి ఏడు. ఏ పెళ్లికి పోయినా ఎవరో ఒకరు "మరి పరీక్షలు ఎట్ల రాస్తారమ్మా?" అని అడుగుతారు. పద్నాలుగేళ్లు నిండితే ఓపెన్ స్కూల్లో పదో తరగతి కట్టొచ్చని చెప్పి చెప్పి అలిసిపోయాను. మా పుస్తకాల్లో సగం ఈ ప్రింటర్ కడుపున పుట్టినవే. మన రాష్ట్రం బడి పుస్తకాలు ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లీషు వచ్చేట్టు 2020 నుంచి వేస్తున్నారు కదా, వాటి పీడీఎఫ్‌లు ఉచితంగా దొరుకుతాయి. కావాల్సిన పాఠం వరకు తీసుకుని దారంతో కుట్టేస్తాను. అంతకుముందు జెరాక్స్ అంగడికి పోయి నిలబడేదాన్ని, వానలో స్కూటీ మీద, పేజీకి రెండు రూపాయలు. ఆ లెక్కన చూస్తే ప్రింటర్ డబ్బులు మొదటి ఏడే తిరిగొచ్చాయి. ఆ పొగడ్త నేను వెనక్కి తీసుకోవడం లేదు.

అక్టోబరు వస్తే మాత్రం దీనికి పని రెట్టింపు అవుతుంది. ఇంటి బడి తల్లులకు ఉచితంగా దొరికే వర్క్‌షీట్లలో చాలా మటుకు అమెరికావి. ఈ కాలంలో వాటి నిండా ఎర్రటి మేపుల్ ఆకులు, నారింజ రంగు గుమ్మడికాయలు, నవంబరులోకి రాగానే టర్కీ కోళ్లు. మొదటి ఏడాది తెలివి లేక అవన్నీ తీశాను. ట్యాంకులో పసుపు కళ్లముందే దిగిపోయింది. పైగా చిన్నది కిటికీ దగ్గర నిలబడి "మన ఆకులు ఎప్పుడు ఎర్రగా అవుతాయమ్మా?" అని వారం రోజులు అడిగింది. ఏం చెప్పను? మా వీధిలో ఎర్రబడే ఆకంటే బాదం ఆకే, ఆ చెట్టూ తన ఇష్టమొచ్చినప్పుడు రాలుస్తుంది. మాకు ఈ రుతువంటే శేషాచలం మీద కూర్చున్న మబ్బు, కపిలతీర్థంలో దూకే నీళ్లు, బస్టాండు దగ్గర బుట్టల్లో సీతాఫలాలు, సాయంత్రం ఉడకబెట్టిన చెనక్కాయలు. ఆరని బట్టలు కూడా. మాకు ఏడాది వానలో పెద్ద వాటా అక్టోబరు, డిసెంబరు మధ్యనే పడిపోతుంది.

అందుకని రెండో ఏడాది నుంచి షీట్లు నేనే తయారు చేసుకుంటున్నాను. పది సీతాఫలాల్లో గింజలు లెక్కపెట్టి పట్టిక గీయడం, మిద్దె మీద పెట్టిన సీసాలో వాన కొలిచి రాసుకోవడం, నేలపట్టుకొచ్చే గూడబాతుల బొమ్మకు రంగులెయ్యడం. ఇవి కాక ప్రతి వారం కంఠతా పట్టాల్సిన బైబిల్ వాక్యానికి అట్ట కార్డులు. ఇంత మందం అట్టను ఇది ఎంత సులువుగా లాక్కుంటుందో అని అప్పట్లో మురిసిపోయి అందరికీ చూపించాను. కాగితం వెనక నుంచి నిలువుగా దిగి నేరుగా ముందుకొస్తుంది కాబట్టి అట్ట వంగాల్సిన పని లేదు.

ఆ వెనక దారే నా కొంప ముంచింది.

వెనక నుంచి కాగితం పెట్టే ఈ రకాల్లో పైన ఒక పొడుగాటి చీలిక ఉంటుంది, ఆకాశం వైపు తెరిచిన నోరు లాగా. దాని మీద మూత అని ఒక పలచటి రెక్క ఇచ్చారు గానీ, కాగితాలు పెట్టి ఉంచితే అది మూసుకోదు. పిల్లలున్న ఇంట్లో కాగితాలు ఎప్పుడూ పెట్టే ఉంటాయి. అంటే నోరు ఎప్పుడూ తెరిచే ఉంటుంది.

2024 అక్టోబరు మధ్యలో వాయుగుండం వచ్చింది చూడండి, అప్పుడు మా జిల్లాలో బళ్లకు సెలవులిచ్చారు. పెద్దోడు ఫోన్లో చూసి పరిగెత్తుకొచ్చాడు, "అమ్మా, కలెక్టర్ సెలవిచ్చాడంట!" అని. మన బడి కలెక్టర్ కింద లేదు నాయనా, కూర్చో అన్నాను. కూర్చున్నాడు గానీ ముఖం అంతా ముసురే. ఆ ఆదివారం మా సంఘంలో కోత పండుగ, అంటే పండినవి తెచ్చి దేవుడికి కానుకగా ఇచ్చే రోజు. సండే స్కూల్ పిల్లలకు నలభై షీట్లు నేను తెస్తానని పాస్టరమ్మగారికి మాటిచ్చున్నాను. నిండు గుమ్మడికాయ, పక్కన రెండు ఆకులు, కింద ఆ వారం వాక్యం, ఆ కింద పేరు రాసుకోను గీత.

ఆ వారమే చిన్నదానికి పదుల లెక్క నేర్పిస్తున్నాను. నూరు చింతగింజలు, పదేసి చొప్పున పది కుప్పలు. బుధవారం పొద్దున్నుంచీ ఎన్నిసార్లు పెట్టినా చివరి కుప్పలో తొమ్మిదే. మళ్లీ లెక్కపెట్టమన్నాను. తొమ్మిదే. మింగేసిందేమో అని భయపడి నోరు తెరిపించి చూశాను. అది ఏడుపు, నేను కోపం. గింజల డబ్బా ముందురోజు రాత్రి ప్రింటర్ మీద పెట్టింది నేనేనని ఆ క్షణాన గుర్తు రాలేదు.

శనివారం సాయంత్రం షీట్లు మొదలుపెట్టాను. మొదటి కాగితం వంకరగా పోయింది. రెండోది ఎడమ మూల చిరిగింది. మూడోసారి లోపలి నుంచి కరకరమని చప్పుడు, పళ్లు నూరినట్టు. మూడు రోజుల వానకు కాగితాలు చెమ్మ పట్టి ఒకదానికొకటి అతుక్కున్నాయేమోనని అనుకున్నాను, అందులో కొంత నిజమే. కట్ట మార్చాను, ఇస్త్రీ పెట్టె కొద్దిగా వేడి చేసి పది కాగితాల మీద తిప్పాను. అయినా కరకర ఆగలేదు. ఊళ్లో ఒక రిపేరు అంగడికి వీడియో పంపితే, మనిషి రాకుండానే "హెడ్ పోయింది మేడం, నాలుగు వేలవుద్ది" అన్నాడు. హెడ్ అంటే ఇంకు చిమ్మే భాగం, అది పోతే కాగితం మూల ఎందుకు చిరుగుతుందని నేనడగలేదు. అడగాల్సింది.

అప్పుడు మావారు రంగంలోకి దిగారు. "లోపల ఏదో పడింది, దులిపితే పోతుంది" అని ప్రింటర్‌ను రెండు చేతులా ఎత్తి, ఏమండీ ఏమండీ అనే లోపే తలకిందులు చేశారు.

మామూలు వస్తువైతే అది మంచి ఉపాయమే. ఇంక్ ట్యాంక్ ప్రింటర్ అంటే నాలుగు చిన్న నీళ్ల తొట్లు మోసే పెట్టె. మూతలున్నా, గాలి పోవడానికి పైన సన్నటి దారులుంటాయి. గులాబీ రంగు ముందు ఆయన లుంగీ మీదకి, అక్కణ్ణుంచి నేల మీదకి. చింతగింజ మాత్రం కదల్లేదు. వంటింట్లోంచి మా అత్తమ్మ వచ్చి చూసి, "దాన్ని అట్ల తలకిందులు చేస్తివే నాయనా, అదేమన్నా పొడి డబ్బానా?" అన్నది. లోపలికి పోయి చీపురు పుల్ల చివర చపాతీ పిండి ముద్ద అద్దుకొని వచ్చింది. పెద్దోడు ఫోన్ టార్చి పట్టుకున్నాడు. ఆ చీలికలోకి పుల్ల దించి, అదిమి, మెల్లగా పైకి తీసింది. పిండిలో ఇరుక్కుని నల్లగా మెరుస్తా నూరో గింజ. చిన్నది దాన్ని లాక్కుని పోయి చివరి కుప్పలో పెట్టింది. నావైపు చూడలేదు.

అంతటితో అయిపోయిందనుకున్నాను. షీటు తీస్తే కరకర లేదు, కాగితం చక్కగా దిగింది. గుమ్మడికాయ మాత్రం గులాబీ రంగులో వచ్చింది. ఆకులు నీలం.

పసుపు రావడం లేదన్నమాట. తిరగేసినప్పుడు పసుపు గొట్టంలోకి గాలి పోయింది. మూత ఎత్తి చూస్తే పారదర్శకంగా ఉన్న ఆ సన్న గొట్టంలో మధ్యమధ్య ఖాళీలు కనిపిస్తున్నాయి. నారింజ రంగులో పసుపు పోతే మిగిలేది గులాబీ, ఆకుపచ్చలో పసుపు పోతే మిగిలేది నీలం. పెద్దోడు ఆ షీటు పట్టుకుని పది నిమిషాలు కూర్చుని, ఏ రంగులో ఏది కలిసిందో రాసుకుంటూ పోయాడు. నేను నెల నుంచి చెప్పాలనుకుంటున్న పాఠం అదే. అయినా ఆ రాత్రి నాకు సంతోషమేమీ కలగలేదు, అబద్ధం ఎందుకు చెప్పాలి.

గాలి పోవడానికి మందు ఉంది. ట్యాంకులో ఇంకు కింది గీతకు పైన ఉండాలి, ప్రింటర్‌ను సమంగా పెట్టాలి, గట్టి క్లీనింగ్ ఒకసారి నడపాలి, తేలకపోతే పన్నెండు గంటలు ఆగి మళ్లీ నడపాలి. అదంతా దాంతో ఇచ్చిన పుస్తకంలోనే ఉంది, నేను అప్పటిదాకా విప్పి చూడలేదు. ఒక్కో క్లీనింగ్‌కు ఇంకు బాగా తాగుతుంది, ఆ తాగిందంతా అడుగున స్పాంజిలోకి పోతుంది, ఆ స్పాంజి నిండితే అదొక ఖర్చు. శనివారం రాత్రి పన్నెండు గంటలు ఎక్కణ్ణుంచి తెచ్చేది? గులాబీ గుమ్మడికాయలే నలభై తీసేశాను.

ఆదివారం పొద్దున స్కూటీ మీద పోతుంటే మళ్లీ వాన. సంచి పైభాగం తడిసింది. చర్చిలో తీసి చూస్తే పైనున్న ఏడెనిమిది షీట్లలో గులాబీ, నీలం కారిపోయి ఒకటే మరక. వాక్యం అక్షరాలు మాత్రం ఒక్కటి కూడా చెదరలేదు. మా ప్రింటర్లో నలుపు పిగ్మెంట్ ఇంకు, రంగులు మామూలు డై ఇంకు, అంటే నీళ్లలో కరిగేది. పిగ్మెంట్ కాగితం మీద పొరలా పట్టుకుంటుంది, నీటికి తొందరగా లొంగదు. కొనేటప్పుడు అంగడతను చెబితే తల ఊపాను, ఆ రోజు అర్థమైంది. దీని గురించి నేను మెచ్చుకునేది ఇప్పటికీ అదే. పిల్లల రాత పుస్తకాలు, వాక్యం కార్డులు నలుపులో తీస్తే వానాకాలంలో నిశ్చింత. రంగు బొమ్మలుంటే ప్లాస్టిక్ కవరు తప్పదు.

ఇంతకీ పిల్లలకేమీ పట్టలేదు, రంగు పెన్సిళ్లతో గులాబీ మీదే పసుపు రుద్దుకున్నారు. కానుకల వేలంలో అసలు గుమ్మడికాయను నాలుగు వందలకు పాడుకున్న పెద్దాయన మాత్రం షీటు చేతిలోకి తీసుకుని, అద్దాలు సర్దుకుని, "ఇది బీట్‌రూటా పాపా?" అని అడిగారు.

పసుపు సోమవారం సాయంత్రానికి వచ్చింది, రెండో క్లీనింగ్ తర్వాత. నాలుగు వేలు మిగిలాయి, పసుపు ఇంకు పావు ట్యాంకు పోయింది.

ఆ తర్వాత పాత రెక్జిన్‌తో ఒక టోపీ కుట్టాను, పని కాగానే కాగితాలు తీసేసి దాన్ని తొడుగుతున్నాం. తొడగడం మరిచిపోయిన ఒక వారంలో ఆ నోట్లోంచి బల్లిగుడ్డు పెంకు తీశాను. శేషాచలం బంగారు బల్లి గురించి పాఠం చెప్పిన వారమే అది, పిల్లలు ఎగిరి గంతేశారు. కాదురా, ఇది మన వంటింటి బల్లే అంటే నీరుగారిపోయారు. కాగితాలు ఇప్పుడు రేకు పెట్టెలో, ఆ రోజుకు కావలసినన్నే బయటికి.

మరి కొనమంటానా? నన్ను నమ్మి కొన్న ఇద్దరిలో ఒకామెకు పిల్లలు పెద్దవాళ్లు, ప్రింటర్ గదిలో తలుపేసి ఉంటుంది, ఆమెకు ఒక్కరోజు కూడా తలనొప్పి లేదు. రెండో ఆమెకు మూడేళ్ల బాబు. ఆమెకు ఫోన్ చేసి టోపీ కొలతలు చెప్పాను. ముందువైపు, కింద సొరుగులో కాగితం పెట్టే రకాలుంటాయి, మళ్లీ కొనాల్సి వస్తే నేను వాటినే చూస్తానేమో. కానీ వాటిలో కాగితం లోపల గుండ్రంగా మలుపు తిరిగి రావాలి, మందం అట్ట అంత సులువుగా పోదంటారు, నాకు వారానికి ఇరవై కార్డులు కావాలి. నోరు మూసుకోవాలి, అట్టా మింగాలి అంటే రెండూ ఒకదాంట్లో దొరకడం కష్టమే. మీ ఇంట్లో కార్డుల అవసరం లేకపోతే నా గోల మీకు వర్తించదు. ఇంకో మాట, బ్రహ్మోత్సవాలప్పుడు ఇంకు అయిపోయేట్టు పెట్టుకోకండి. గరుడసేవ రోజు నేను బజారుదాకా పోలేక సగం దారిలో వెనక్కొచ్చాను.

ఈ ఏడు కోత పండుగ షీట్లు పదిరోజుల ముందే తీసి పెట్టాను. గుమ్మడికాయ గుమ్మడికాయలాగే వచ్చింది. చింతగింజల డబ్బా ఇప్పుడు అటక మీద. నిన్న చిన్నది హెచ్చవేతలకని దింపించుకుంది, పదేసి పది కుప్పలు పెట్టింది. చివరి కుప్పలో ఎనిమిదే ఉన్నాయి. ప్రింటర్ మాత్రం చప్పుడు లేకుండా తిరుగుతోంది, ఇప్పటికి.