పశువుల డాక్టరు: గవర్నమెంటు ఆసుపత్రా, సొంత క్లినిక్కా? ఏది మేలు?

పాలకేంద్రం దగ్గర ఈ నెలలో నలుగురు అడిగారు, "మీరు ఆసుపత్రి డాక్టరుగారిని పిలుస్తున్నారా, క్లినిక్ ఆయన్నా?" అని. మాది తెనాలి దగ్గర పల్లె. రెండు ముర్రా గేదెలు, ఒక జెర్సీ క్రాస్ ఆవు, కాపలాకి ఒక కుక్క ఉన్నాయి. రెండేళ్ళుగా వైద్యానికి మాత్రం టౌన్లో సొంత క్లినిక్ నడుపుతున్న డాక్టరుగారినే పిలుస్తున్నాను. అలాగని ఆసుపత్రికి వెళ్ళడం మానలేదు.

టీకాల విషయంలో గవర్నమెంటు ఆసుపత్రికి సాటి లేదు. గాలికుంటు టీకా ఆరు నెలలకోసారి ఊళ్ళోకే వచ్చి ఉచితంగా వేస్తారు. పెయ్యదూడలకి నాలుగో నెల నుంచి ఎనిమిదో నెల లోపల వేసే బ్రూసెల్లా (చూడి జారిపోయే జబ్బు) టీకా కూడా అంతే. అది ఒక్కసారే వేస్తారు కాబట్టి ఆ వయసు దాటిపోనివ్వకండి. చెవి ట్యాగుకీ, ఇన్సూరెన్స్ కాగితాలకీ కూడా నేను అక్కడికే వెళ్తాను. చదువు ఇద్దరిదీ ఒకటే, చేతి నైపుణ్యానికీ వంక పెట్టను. కాకపోతే ఆసుపత్రి డాక్టరుకి చాలా ఊళ్ళు, పైన మీటింగులు. మన పశువు సంగతి ఆయనకి తెలిసొచ్చే వేళకి బదిలీ అవుతుంది.

నా మటుకు తేల్చే విషయం ఒక్కటే: మర్నాడు ఎవరొస్తారు?

పోయిన ఏడాది మా ఆవు మూడో ఈత ఈనింది. రెండో రోజు రాత్రి పదకొండింటికి చూస్తే పడుకున్నది లేవడం లేదు. మెడ తిప్పి తల డొక్క మీద పెట్టుకుంది, చెవులు పట్టుకుంటే చల్లగా ఉన్నాయి. పాలజ్వరం. పేరుకే జ్వరం గానీ రక్తంలో కాల్షియం పడిపోయి ఒళ్ళు చల్లబడే జబ్బు అది. క్లినిక్ డాక్టరుగారు బండి మీద నలభై నిమిషాల్లో వచ్చారు. సూది తియ్యకముందే థర్మామీటరు పెట్టారు. బకెట్లో వేణ్ణీళ్ళు తెప్పించి కాల్షియం సీసాని అందులో ఉంచి, గోరువెచ్చన అయ్యాకే మెడ నరానికి ఎక్కించారు. ఒక చెయ్యి సెలైన్ గొట్టం మీద, ఇంకో చేత్తో స్టెతస్కోపు గుండె దగ్గర. "తొందర పడితే గుండె ఆగిపోద్దండీ" అన్నారు. సీసా సగమయ్యేసరికి ఆవు ఒళ్ళు వణికి త్రేన్చింది, పేడ వేసింది. ఇంకాసేపటికి లేచి నిలబడింది.

మేం గండం గడిచిందనుకున్నాం. ఆయన మాత్రం తెల్లారి ఆరింటికి, పిలవకుండానే పాకలో ఉన్నారు. ఈ జబ్బులో లేచిన పశువు ఒకటి రెండు రోజుల్లో మళ్ళీ పడిపోవచ్చట. ఆ రెండు రోజులూ పొదుగు ఖాళీ అయ్యేదాకా పిండొద్దన్నారు. అన్నట్టే సాయంత్రానికి ఆవు మళ్ళీ తూలింది, ఇంకో సీసా ఎక్కించాల్సి వచ్చింది. అంతకుముందు ఇదే జబ్బుతో ఒక ఆవుని పోగొట్టుకున్నాం. అప్పుడు సీసా ఎక్కించి వెళ్ళిన వేరొకాయన మర్నాడు ఫోనెత్తలేదు. ఆ ఆవు పడి ఉన్న చోటికి ఇప్పటికీ కన్ను పోతుంది.

పొదుగువాపూ అంతే. గట్టితనం ఒక్కరోజులో తగ్గిందని మందు ఆపేస్తే మళ్ళీ తిరగబెడుతుంది. మా కుక్కకి పిడుదుల వల్ల జ్వరం వచ్చినప్పుడు నెల్లాళ్ళు మాత్రలు వెయ్యాల్సి వచ్చింది, మధ్యలో రెండుసార్లు రక్తపరీక్ష చేయించారు. మొదటి సూది ఎవరైనా వేస్తారు. మూడో రోజు ఎలా ఉందో అడిగేవాళ్ళు కావాలి.

ఆయన దగ్గర మా పశువుల నోటుబుక్కు ఉంటుంది. చూడి చివరి నెలలో కాల్షియం టానిక్ పట్టొద్దని ఈసారి ముందే చెప్పారు. అప్పుడు బయట నుంచి ఎక్కువ అందితే, ఎముకల్లోంచి కాల్షియం తీసుకునే పని ఒంట్లో మందగిస్తుందట. మేం ప్రతి చూడికీ మంచిదనుకుని పడుతూనే ఉన్నాం!

ఖర్చు ఉంది, కాదనను. ఆ రెండు రోజులకీ మందులతో కలిపి 1,800 అయింది. ఆయన ఊళ్ళో లేకపోతే ఇబ్బందే. ఎక్స్‌రే లేదు, పెద్ద ఆపరేషనైతే గన్నవరం పశువైద్య కళాశాలకి తీసుకెళ్ళమని తనే చెబుతారు. అలా చెప్పడం నాకు నచ్చింది.

మిగతావి చెప్పాలంటే, ఎద సూదికి (కృత్రిమ గర్భధారణకి) ఊళ్ళల్లో ఆ పని చేసే గోపాలమిత్ర చాలు. 1962కి ఫోన్ చేస్తే వచ్చే పశువుల అంబులెన్సు బండి పగలు బాగా పనికొస్తుంది. కుక్కలూ పిల్లులూ మాత్రమే ఉన్నవాళ్ళకి విజయవాడ క్లినిక్కులు ఉన్నాయి. మెడికల్ షాపులో అడిగి సూది వేయించడం మాత్రం వద్దు.

క్లినిక్ ఎంచుకునేటప్పుడు రాష్ట్ర పశువైద్య మండలిలో రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు. టీకాలు ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, కరెంటు పోతే ఏం చేస్తారో కనుక్కోండి. యాంటీబయోటిక్ ఇచ్చాక ఎన్ని రోజులు పాలు కేంద్రానికి పోయకూడదో తనంతట తను చెప్పే డాక్టరైతే ఇక వెతకక్కర్లేదు. మాకు దగ్గర్లో అలాంటి క్లినిక్ లేదంటారా? ఆసుపత్రి డాక్టరుగారితోనే పరిచయం పెంచుకోండి, చీటీలన్నీ ఒక్కచోట దాచండి. బదిలీ మీద కొత్తవారొస్తే మొదటిరోజే ఆ చీటీల కట్ట చేతికివ్వండి.