పాత ఫియట్ ఉన్నవాళ్లూ, మీ పాత లైట్లు ఎవరికీ పంపకండి

ఇప్పుడే చూశాను, ఒళ్లు మండిపోతోంది. తప్పులుంటే సర్దుకుని చదవండి.

మాది 86 మోడల్ ప్రీమియర్ పద్మిని, అదే పాత ఫియట్, నాన్నగారిది. మొన్న పెయింట్ వేయించినప్పటి నుంచి వెనక ఎడమ లైటు తిక్కతిక్కగా చేస్తోంది. ఇండికేటర్ వేస్తే పార్కింగ్ లైటు కూడా కొట్టుకుంటుంది. బ్రేకు తొక్కితే గుడ్డిదీపం. బల్బులు, ఫ్యూజులు మార్చినా అంతే. వాట్సాప్‌లో పాత ఫియట్ సామాన్లు అమ్మే ఆయన ఉన్నాడుగా, ప్రతిదానికీ 'న్యూ ఓల్డ్ స్టాక్ సార్' (అంటే పాతకాలందే కానీ వాడనిది) అంటాడే, ఆయనే, ఆయన్ని అడిగాను. లైటు ఫొటో కూడా చూడకుండానే "జత మార్చేయండి సార్, 6,500" అన్నాడు. పాతవి పంపితే వెయ్యి తగ్గిస్తానన్నాడు. మహోపకారం అనుకుని బబుల్ ర్యాప్ చుట్టి, కొరియర్ ఖర్చు కూడా నేనే పెట్టుకుని పంపాను. నా అంత తెలివైనవాడు ఉంటాడా!

వచ్చినవి ప్లాస్టిక్‌వి. బిగిస్తే రెండు వైపులా చీకటే. ఆటోనగర్‌కి తీసుకెళ్తే ఎలక్ట్రీషియన్ చూసి, "వీటికి ఎర్త్ ఏది సార్?" అన్నాడు. ఎర్త్ అంటే కరెంటు తిరిగి బ్యాటరీ నెగటివ్‌కి చేరే దారి. పాతవాటికి రేకు హోల్డర్, బోల్టు బిగిస్తే బాడీ నుంచే ఎర్త్ అందేది. నేను బోల్టు కింద కూడా నున్నగా రంగు కొట్టించుకున్నాను కదా, ఆ రంగు ఎర్త్‌కి అడ్డుపడింది, అసలు జబ్బు అదీ. ఎమరీ పేపరుతో రంగు గీకి, రెండు వైర్లు లాగాడు. 150 రూపాయలు. వెలిగాయి. "మరి పాతవేవి సార్? అవి బాగానే ఉండుంటాయే" అన్నాడు. ఏం చెప్పను?

ఇవాళ పొద్దున అవి ఆ మహానుభావుడి స్టేటస్‌లో కనిపించాయి. 'రేర్ పీస్, ఒరిజినల్, 9,000 ఫైనల్'. నావే! కుడి లైటు అద్దం మూల విరిగితే నాన్న ఆరాల్డైట్‌తో అతికించారు, ఆ పసుప్పచ్చ మచ్చ ఫొటోలో స్పష్టంగా ఉంది. ఫోన్ చేశాను. కాదని బుకాయించినా బాగుండేది. "పనికిరావని మీరే కదా సార్ పంపింది" అన్నాడు. పనికిరావన్నది ఎవరయ్యా? డబ్బు వెనక్కిస్తాను, నావి నాకిచ్చెయ్ అంటే నవ్వి, "పాత కస్టమర్ కదా, మీకు 8,500" అన్నాడు.

లైట్లు కొనే ముందు బ్యాటరీ నెగటివ్ నుంచి పొడుగు వైరు ఒకటి తెచ్చి హోల్డర్ రేకుకి ఆనించి చూడండి. బాగా వెలిగితే తప్పు ఎర్త్‌ది, లైటుది కాదు.

8,500 పంపాలా వద్దా అని ఇంకా కొట్టుకుంటున్నాను. మూల మచ్చ ఉన్న ఆ జత మాత్రం దయచేసి ఎవరూ కొనెయ్యకండి.