పులస పేరుతో 5,400 గోదాట్లో పోశాం

ఆగస్టులో గోదావరికి ఎర్రనీరు తగలగానే మా బావమరిది ఫోన్ చేశాడు. "బావా, పులసలు ఎక్కుతున్నాయట, వెళ్దామా?" మా ఆవిడతో కలిపి ముగ్గురం హైదరాబాద్‌లో రాత్రి రైలెక్కి రాజమండ్రిలో దిగాం. రూము 1,400, శుభ్రంగానే ఉంది.

మధ్యాహ్నం రోడ్డు పక్క హోటల్లో పులస పులుసు ప్లేటు 1,800. అందులో రెండే ముక్కలు. బెండకాయలు తేలుతూ చూడ్డానికి బాగానే ఉంది, నోట్లో పెడితే ఐస్ వాసన. "పొద్దున్నే పడిన చేప సార్" అని సర్వరు ఒకటే మాట. పుస్తెలు అమ్మైనా పులస తినాలంటారు కదా, బిల్లు చూశాక మా ఆవిడ మెళ్లో పుస్తెలు పట్టుకుని నావైపు ఒక చూపు చూసింది.

మర్నాడు ఆరింటికి ధవళేశ్వరం బ్యారేజీ దిగువకు వెళ్లాం. చేపలమ్మే పెద్దావిడ మా గోడు విని నవ్వింది. "అది ఐసు పెట్టెలో వచ్చుంటది బాబూ. సముద్రంలో ఉంటే విలస. ఏటికి ఎదురీది వస్తేనే పులస." ఎదురీదినా, 175 గేట్ల బ్యారేజీ అడ్డం. గేట్లు దించి ఉంటే పైకి పోలేదు.

"నోరు చూడు, ఎక్కడ బతుకుద్దో తెలుస్తది" అంటూ రెండు చేపలు పైకెత్తింది. బొచ్చెకు నోరు పైకి తిరిగి ఉంది, అది పై నీళ్లలో మేస్తుంది. ఎర్రమోసు నోరు కిందికి, దాని తిండి అడుగు బురదలో. శీలావతి ఈ రెంటికీ మధ్యన తిరుగుతుందట. వాలుగ నోరైతే కంటి వెనక దాకా చీలి ఉంది. లోతు మడుగుల్లో మాటేసి చిన్న చేపల్ని మింగుతుంది. బుట్టలో కొరమేను నీళ్లు లేకపోయినా ఇంకా కొట్టుకుంటోంది. గాలి పీల్చే చేప కదా, కాలవల్లో నాచు మధ్యన కూడా బతికేస్తుంది. బావమరిది ముచ్చటపడి జెల్లను పట్టుకున్నాడు, ముల్లు గుచ్చుకుని అరగంట మూలిగాడు.

అరకిలో బొమ్మిడాయిలు 350, వండించినందుకు 150. పాముల్లా ఉన్నాయని మా ఆవిడ మొహం తిప్పుకుంది. బూడిదతో రుద్ది జిగురు తీసి, చింతపండు పులుసు పెట్టి వేడన్నంలో వడ్డిస్తే రెండోసారి అడిగి వేయించుకుంది.

పాపికొండల బోట్లు వరదకి ఆపేశారు. తలకి 500 చొప్పున అడ్వాన్సు తీసుకున్న ఏజెంటు ఇప్పటికీ "రేపు వేస్తాను సార్" అంటున్నాడు. యానాంలో పండుగప్ప వేపుడు బాగుంది. దసరా వెళ్లాక అక్కడ చీరమేను అనే సన్నటి చేపపిల్లల్ని గ్లాసులతో కొలిచి అమ్ముతారట, ఈసారి టికెట్లు మా ఆవిడే చూస్తోంది.